ఏఏవీ వెక్టర్లకి పెద్ద ట్యాంకు పెడితే సరిపోదా? యాంటీబాడీలు చేసే నాకు అర్థమయ్యేలా ఎవరైనా చెప్పండి

శ్రీను_బయోరియాక్టర్

అందరికీ నమస్తే. నేను జీనోమ్ వ్యాలీలో ఒక బయోసిమిలర్ కంపెనీలో అప్‌స్ట్రీమ్, అంటే ట్యాంకుల్లో కణాలు పెంచే దశ, చూస్తాను. సీహెచ్‌ఓ (చైనీస్ హామ్‌స్టర్) కణాలు, వాటితో చేసే మోనోక్లోనల్ యాంటీబాడీలు, ఇదే నా పని. ఈ మధ్య మా చుట్టుపక్కల ఎక్కడ చూసినా జీన్ థెరపీ మాటే, అంటే ఏఏవీ (అడినో-అసోసియేటెడ్ వైరస్) లాంటి వైరస్ తొడుగులో మందు జన్యువుని పెట్టి రోగి కణాల్లోకి పంపడం, అలా మోసుకెళ్లే వైరస్‌నే వెక్టర్ అంటారు. భారత్ బయోటెక్ ఇక్కడే వైరల్ వెక్టర్ల ప్లాంటు గురించి 2025లో ప్రకటించింది, లారస్ ల్యాబ్స్ ఇమ్యునోయాక్ట్‌లో (రోగి రోగనిరోధక కణాల జన్యువులు మార్చి క్యాన్సర్‌కి వాడే కార్-టీ చికిత్స కంపెనీ) వాటా తీసుకుంది, ఐఐటీ కాన్పూర్‌తోనూ ఒప్పందం చేసుకుంది. నాకూ అటు మారాలని గట్టిగా ఉంది, అందుకే చదవడం మొదలుపెట్టాను.

నాకు మింగుడుపడని విషయం ఒకటుంది. మేము లీటరుకి 5 గ్రాముల యాంటీబాడీ తీస్తాం, పెద్ద కంపెనీలు 10,000 లీటర్ల ట్యాంకులు నడుపుతాయి, ధర తగ్గాలంటే ట్యాంకు పెంచడమే మాకు తెలిసిన దారి. ఏఏవీ వాళ్లు మాత్రం 200 లీటర్లు, 500 లీటర్లు అంటారు, 2000 లీటర్లు చేస్తే పెద్ద వార్తగా చెప్పుకుంటారు. వాళ్లు వాడే హెచ్‌ఈకే 293 (మనిషి మూత్రపిండం నుంచి వచ్చిన కణం) కూడా సస్పెన్షన్‌లో, అంటే ద్రవంలో తేలుతూ పెరిగే కణమే కదా, గాలి ఇస్తే, తిండి పెడితే, పీహెచ్ చూసుకుంటే పెరుగుతుంది. మరి ఎక్కడ ఆగిపోతోంది? టీవీలో చెప్పే 16 కోట్ల ఇంజెక్షన్ ధర నిజంగా తయారీ ఖర్చు వల్లేనా? నాలాంటివాడు అక్కడికి వస్తే తెలిసిన పని ఎంత పనికొస్తుంది, కొత్తగా ఏం నేర్చుకోవాలి? పైపై మాటలు వద్దు, రోజూ చేసేవాళ్లు చెప్పండి.

రవళి_అప్‌స్ట్రీమ్

శ్రీను గారూ, నేను నార్త్ కరోలినాలో ఒక కాంట్రాక్ట్ తయారీ కంపెనీలో ఏఏవీ అప్‌స్ట్రీమ్ చేస్తాను. ముందు లెక్క వేద్దాం, లెక్క వేస్తే సగం డౌట్లు వాటంతట అవే తీరతాయి.

ఏఏవీ డోసును వెక్టర్ జీనోముల్లో కొలుస్తాం, అంటే లోపల మనకి కావలసిన జన్యువు ఉన్న రేణువులు ఎన్ని అని. 10¹⁴ అంటే మన లెక్కలో కోటి కోట్లు, దాన్నే యూనిట్‌గా పెట్టుకుందాం. ఒక మోస్తరు మంచి ప్రాసెస్‌లో హార్వెస్ట్ రోజున లీటరుకి ఒక కోటి కోట్లు ఉంటాయనుకోండి. బరువులో చూస్తే అది ఒక మిల్లీగ్రాము కూడా కాదు, మీ 5 గ్రాముల పక్కన పెట్టి చూడండి. 200 లీటర్ల బ్యాచ్‌కి 200 యూనిట్లు వచ్చాయి. శుద్ధి పూర్తయ్యేసరికి 30 శాతం మిగిలితే 60. క్వాలిటీ పరీక్షలకి, స్టెబిలిటీకి, దాచే శాంపిళ్లకి కొంత తీస్తే 54 అనుకుందాం.

ఎస్‌ఎంఏకి (వెన్ను నరాల కణాలు చచ్చి కండరాలు బలహీనపడే పిల్లల జబ్బు) ఇచ్చే జోల్‌జెన్‌స్మా, మీరు చెప్పిన 16 కోట్ల ఇంజెక్షన్ ఇదే, డోసు కిలోకి 1.1 యూనిట్లు, 10 కిలోల పాపకి 11. అంటే ఆ బ్యాచ్ మొత్తం ఐదుగురు పిల్లలకి కూడా రాదు. కండరాలు క్షీణించే డుషేన్ జబ్బుకి ఇచ్చే ఎలివిడిస్ కిలోకి 1.33, 20 కిలోల బాబుకి 26 పైన, కాబట్టి ఇద్దరికి. హీమోఫీలియా ఎకి ఇచ్చే రోక్టావియన్ కిలోకి 0.6, కానీ ఇచ్చేది పెద్దవాళ్లకి, 70 కిలోల మనిషి ఒక్కడే 42 తీసేసుకుంటాడు. ఇప్పుడు లక్స్‌టర్నా చూడండి, కంటి రెటీనా కింద ఒక్కో కంటికి 1.5×10¹¹ చాలు. అదే బ్యాచ్ 36,000 కళ్లకి వస్తుంది! (ఇవన్నీ వేర్వేరు సీరోటైప్‌లు, అంటే ఏఏవీలో రకాలు, రోక్టావియన్ అయితే పురుగు కణాల్లో చేస్తారు, కాబట్టి నిజమైన దిగుబడులు వేరుగా ఉంటాయి. ఇది కేవలం ఎంత తేడా ఉందో చూపించడానికి.) కాబట్టి "ఏఏవీకి ఎంత పెద్ద ట్యాంకు కావాలి" అనే ప్రశ్నకి మందు ఏ అవయవానికి, ఏ దారిలో ఇస్తున్నారో చెప్పకుండా జవాబు ఉండదు.

ఇక ట్యాంకు ఎందుకు పెంచలేకపోతున్నాం అన్నది. మీ సీహెచ్‌ఓ కణం జన్యువు తనలోనే పెట్టుకుని పుడుతుంది, మీరు పెంచితే చాలు. మా దగ్గర ఎక్కువగా ట్రాన్సియెంట్ ట్రాన్స్‌ఫెక్షన్, అంటే ప్రతి బ్యాచ్‌కీ మూడు ప్లాస్మిడ్లు (గుండ్రటి డీఎన్ఏ ముక్కలు) బయటి నుంచి కణాల్లోకి పంపాలి. ఒకదాంట్లో రెండు ఐటీఆర్‌ల (వైరస్ జన్యువు రెండు చివర్లలో ఉండే డీఎన్ఏ వరుసలు) మధ్య మందు జన్యువు, ఇంకోదాంట్లో రెప్ (కాపీలు చేసేది), క్యాప్ (తొడుగు చేసేది), మూడోదాంట్లో అడినోవైరస్ నుంచి తీసిన సహాయక జన్యువులు. ఏఏవీ సొంతంగా పెరగలేని వైరస్ కదా, 1965లో దాన్ని కనిపెట్టిందే అడినోవైరస్ శాంపిళ్లలో కలిసి ఉండగా. హెచ్‌ఈకే 293 వాడటానికి కారణం కూడా అదే, 1973లో లైడెన్‌లో ఫ్రాంక్ గ్రాహం ఆ కణాల్లోకి అడినోవైరస్ డీఎన్ఏ ఎక్కించాడు, అందులోని ఈ1 జన్యువులు కణంలోనే ఉండిపోయాయి, మిగతావి ఇస్తే సరిపోతుంది.

పీఈఐ లాంటి పాలిమర్‌తో ప్లాస్మిడ్లని కలిపితే చిన్న చిన్న ముద్దలు తయారవుతాయి, కణాలు వాటిని మింగుతాయి. ఫ్లాస్కులో ఇది హాయిగా ఉంటుంది, కలిపి పది నిమిషాలు ఆగి పోసేస్తాం. 200 లీటర్లకి వచ్చేసరికి ఆ మిశ్రమమే 10 నుంచి 20 లీటర్లు అవుతుంది. ఆ ముద్దలు ఒక సైజు దగ్గర ఆగవు, పెరుగుతూనే ఉంటాయి, మరీ చిన్నవైతే పని చేయవు, మరీ పెద్దవైతే కణాలని చంపుతాయి లేదా అడుక్కి చేరతాయి. పంపుతో ఎక్కించడానికి పావుగంట పట్టిందనుకోండి, మొదట వెళ్లిన మిశ్రమానికీ చివర్లో వెళ్లినదానికీ వయసు వేరు. 2000 లీటర్లలో ఈ తేడా ఇంకా పెరుగుతుంది. అందుకే పైపులోనే కలుపుతూ నేరుగా ట్యాంకులోకి పంపే పద్ధతి, మిశ్రమం వాల్యూం తగ్గించడం, ముద్దల పెరుగుదలని నెమ్మదింపజేసే రీజెంట్లు, వీటి మీదే మా టీమ్ ఎక్కువ సమయం పెడుతుంది.

కార్బన్ డయాక్సైడ్ పేరుకోవడం, కలియబెట్టే వేగం, ఇవి మీకు తెలిసినవే, అవి మీకు నల్లేరు మీద నడక. కొత్తగా అనిపించేది ఏంటంటే హెచ్‌ఈకే కణాలు గుంపులు కడతాయి, గుంపు కట్టకుండా వేసే డెక్స్‌ట్రాన్ సల్ఫేట్ లాంటివి ట్రాన్స్‌ఫెక్షన్‌కి అడ్డం పడతాయి. మీడియం ఎంపికలోనే మనిషి ఓపిక అంతా అయిపోతుంది.

ఇంకా ప్లాస్మిడ్లు. లీటరుకి ఒకటి, రెండు మిల్లీగ్రాములు కావాలి, అదీ మంచి గ్రేడువి. ఐటీఆర్‌లు హెయిర్‌పిన్‌లా మడతపడే వరుసలు కాబట్టి ఈ.కోలైలో పెంచేటప్పుడు తెగిపోతుంటాయి. ఎస్‌మా-1 ఎంజైమ్‌తో కోసి జెల్ మీద చూడకుండా ఏ లాటూ వాడొద్దు.

భాస్కర్_కాలమ్స్

రవళి గారు ట్యాంకు వైపు బాగా చెప్పారు. నాది డౌన్‌స్ట్రీమ్, అంటే శుద్ధి చేసే దశ. నా ఉద్దేశంలో అసలు నష్టం మా వైపే జరుగుతోంది, ఆ 30 శాతం లెక్క మా దగ్గర నుంచి వచ్చిందే.

శ్రీనూ, నీకు ప్రోటీన్ ఎ కాలమ్ (యాంటీబాడీని మాత్రమే పట్టుకునే శుద్ధి గొట్టం) ఎంత హాయిగా ఉంటుందో మాకు అఫినిటీ కాలమ్ కూడా ఇప్పుడు దాదాపు అంతే హాయిగా ఉంది. ఒంటె జాతి యాంటీబాడీ ముక్కలు తగిలించిన రెసిన్లు వచ్చాక చాలా సీరోటైప్‌లని ఒకే రెసిన్ పట్టుకుంటోంది. దానికి ముందు కణాలని పగలగొట్టడం, న్యూక్లియేజ్‌తో డీఎన్ఏ కోయడం, వడపోత, ఇవి ఉంటాయి. అప్పట్లో అందరూ ట్రైటాన్ ఎక్స్-100 వాడేవాళ్లు, యూరప్‌లో పర్యావరణ కారణాలతో దాని మీద ఆంక్షలు వచ్చాయి, అందుకని వేరే డిటర్జెంట్లకి మారుతున్నారు, మారిన ప్రతిసారీ మళ్లీ మొత్తం రుజువు చేసుకోవాలి.

చిక్కు ఆ తర్వాత మొదలవుతుంది. అఫినిటీ కాలమ్‌కి తొడుగు మాత్రమే కనిపిస్తుంది, లోపల జన్యువు ఉందో లేదో దానికి తెలియదు. హార్వెస్ట్‌లో ఫుల్ రేణువులు (లోపల జన్యువు మొత్తం ఉన్నవి) కొన్నిసార్లు 10 శాతమే ఉంటాయి, 30 ఉంటే సంతోషపడతాం. మిగతావి ఎంప్టీలు (ఖాళీ తొడుగులు), ఇంకొన్ని సగం జన్యువో, ప్లాస్మిడ్ ముక్కో, కణం డీఎన్ఏనో ఇరికించుకున్నవి. రోగికి ఎంప్టీల వల్ల లాభం లేదు, రోగనిరోధక వ్యవస్థకి మాత్రం అవి కూడా వైరస్‌లే. కిలోకి కోటి కోట్లు ఎక్కిస్తున్న చోట ప్రతి ఫుల్‌కీ తోడుగా నాలుగు ఎంప్టీలు కూడా వెళ్తే కాలేయం మీద ఎంత భారమో ఆలోచించు. ఎక్కువ డోసుల వల్ల ప్రాణాలు పోయిన సంఘటనలు ఉన్నాయి. ఎక్స్-లింక్డ్ మయోట్యూబులర్ మయోపతీ (అరుదైన కండరాల జబ్బు) ట్రయల్‌లో నలుగురు పిల్లలు చనిపోయారు, 2025లో ఎలివిడిస్ తీసుకున్నవాళ్లలో కాలేయం దెబ్బతిని మరణాలు జరిగాయి. వాటికి ఎంప్టీలే కారణమని నేను అనడం లేదు. కానీ అవసరం లేని తొడుగు ఒక్కటి కూడా ఆ పిల్లల ఒంట్లోకి వెళ్లకూడదు, మా పని అదే అని నేను నమ్ముతాను.

ల్యాబ్‌లో అల్ట్రాసెంట్రిఫ్యూజ్‌లో సీజియం క్లోరైడ్ పెట్టి తిప్పితే ఫుల్స్, ఎంప్టీలు రెండు పట్టీలుగా విడిపోతాయి, చూడటానికి ఎంతో బాగుంటుంది. కానీ 500 లీటర్ల బ్యాచ్‌ని అలా తిప్పడమంటే ఎంత కష్టమో చెప్పక్కర్లేదు. అందుకే ఆనయాన్ ఎక్స్ఛేంజ్, అంటే విద్యుదావేశం తేడాని బట్టి విడదీసే కాలమ్. ఎంప్టీ ఐసోఎలక్ట్రిక్ పాయింట్ (మొత్తం ఆవేశం సున్నా అయ్యే పీహెచ్) 6.3 చుట్టూ, ఫుల్‌ది 5.9 చుట్టూ, ఆ కొంచెం తేడాని పట్టుకుని ఉప్పు గ్రేడియెంట్‌తో విడదీయాలి. ముందు ఎంప్టీలు దిగుతాయి, వెనకే ఫుల్స్. కాలమ్ నుంచి దిగేదాన్ని చూపే క్రొమాటోగ్రామ్ మీద 260 గీత (డీఎన్ఏ ఎక్కువ పీల్చుకునే కాంతి) 280 గీతని (ప్రోటీన్‌ది) దాటి పైకి వెళ్లిందంటే ఫుల్స్ వస్తున్నాయని అర్థం. రెండు పీకులు ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉంటాయి, ఎక్కడ కోయాలి అన్నదే ఆట. తొందరగా కోస్తే ఎంప్టీలు కలుస్తాయి, ఆలస్యంగా కోస్తే దిగుబడి పోతుంది. బఫర్ కండక్టివిటీ కొంచెం అటూ ఇటూ అయినా పీకు జరిగిపోతుంది. ఏఏవీ9కి కష్టపడి కుదుర్చుకున్న పద్ధతి ఏఏవీ5కి పని చేయదు, ఒక్కోసారి అదే సీరోటైప్‌లో జన్యువు మారినా మళ్లీ మొదటికే.

అందుకే ఎవరైనా ట్యాంకు రెండింతలు చేశాం అని చెబితే నేను ముందు ఫుల్ శాతం ఎంత అని అడుగుతాను. అది 10 నుంచి 30కి తెస్తే ట్యాంకు మూడింతలు చేసినట్టే, పైగా నాకు పని కూడా తగ్గుతుంది.

గుంటూరు_అమ్మ

నేను ఈ ఫీల్డ్ కాదు, మీరు రాసేవి సగమే అర్థమయ్యాయి. మా బాబుకి ఎస్‌ఎంఏ టైప్ 2, మూడో ఏడు నడుస్తోంది. 16 కోట్ల కోసం ఫండ్ రైజింగ్ పెట్టిన కుటుంబాలని చూశాను, మా వల్ల కాలేదు. ఇప్పుడు వయసు కూడా దాటిందన్నారు. హైదరాబాద్‌లో ప్లాంట్లు వస్తే ఈ ధర తగ్గుతుందా? దయచేసి ఉన్నది ఉన్నట్టు చెప్పండి, ఆశ పెట్టి ఆపడం వద్దు.

క్యూసీ_మాధవి

అమ్మా, ఉన్నది ఉన్నట్టే చెబుతాను. జోల్‌జెన్‌స్మాకి 2019లో అమెరికాలో పెట్టిన ధర 21 లక్షల 25 వేల డాలర్లు. అది తయారీ ఖర్చు మీద కొంత కలిపి వేసిన ధర కాదు, ఏళ్ల తరబడి వేరే మందులు వాడితే అయ్యే ఖర్చుతో పోల్చి వేసిన ధర. కాబట్టి ఇక్కడ ప్లాంటు కట్టగానే అదే మందు చవక అవ్వదు. హైదరాబాద్ కంపెనీలు మాత్రలు కాపీ చేసినట్టు దీన్ని కాపీ చేయలేవు, పైన వీళ్లు చెప్పిన ప్రాసెస్ అంతా సొంతంగా కట్టుకుని, ట్రయల్స్ చేసి రావాలి, దానికి ఏళ్లు పడుతుంది.

కానీ మీకు ఇప్పుడే పనికొచ్చే విషయాలు రెండున్నాయి. రిస్‌డిప్లాం అని నోటితో ఇచ్చే మందు ఉంది, అది జీన్ థెరపీ కాదు, మామూలు రసాయన మందే, రోజూ వాడాలి. దాని పేటెంటు గొడవలో నాట్కోని ఆపడానికి ఢిల్లీ హైకోర్టు ఒప్పుకోకపోవడంతో, మన హైదరాబాద్ నాట్కో 2025 అక్టోబర్‌లో జెనరిక్ తెచ్చింది, అప్పుడు సీసా 15,900 రూపాయలు. అంతకుముందు అసలు కంపెనీ సీసా 6 లక్షల పైన ఉండేది. నెలకి ఎన్ని సీసాలు అన్నది బాబు వయసు, బరువు బట్టి ఉంటుంది, మీ పీడియాట్రిక్ న్యూరాలజిస్టుని ఈ వారమే అడగండి. రెండోది, అదే జన్యువుని వెన్నులోకి ఇచ్చే రూపానికి 2025 నవంబర్‌లో అమెరికాలో రెండేళ్లు దాటినవాళ్లకి అనుమతి వచ్చింది. అది ఇక్కడ ఎప్పుడు, ఎంతకి వస్తుందన్నది వేరే సంగతి, కానీ వయసు దాటిపోయింది కాబట్టి ఇక దారి లేదు అనే మాట ఇప్పుడు నిజం కాదు.

మిగతావాళ్లకి, ఆ వెన్ను ఇంజెక్షన్ డోసు చూశారా? బరువుతో పని లేకుండా ఎవరికైనా 1.2×10¹⁴. రవళి గారి యూనిట్లలో 1.2 మాత్రమే, అదే 54 యూనిట్ల బ్యాచ్ 45 మందికి వస్తుంది, ఎలివిడిస్ లాంటి డోసైతే ఇద్దరికే. నరాలకి కావలసిన జన్యువుని ఒళ్లంతా ఎక్కించకుండా నరాల దగ్గరే ఇవ్వడం వల్ల వచ్చిన లాభం అది. ఏ బయోరియాక్టర్ ఇంజినీరూ ఒక్క దెబ్బకి ఇంత లాభం తేలేడు. తయారీవాళ్లు డోసు గురించి డాక్టర్లతో మొదటి రోజు నుంచి కూర్చోవాలని నేను అందుకే అంటాను.

ఇంకో మాట, నా పని కొలవడం కాబట్టి చెప్పకుండా ఉండలేను. జోల్‌జెన్‌స్మా మొదటి ట్రయల్‌లో ఎక్కువ డోసు కిలోకి 2×10¹⁴ అని రాశారు, అది క్యూపీసీఆర్‌తో (డీఎన్ఏ ఎంత ఉందో కొలిచే ఒక పద్ధతి) కొలిచిన లెక్క. తర్వాత డ్రాప్లెట్ పీసీఆర్‌తో అదే మందుని కొలిస్తే 1.1×10¹⁴ వచ్చింది. మందు మారలేదు, రేణువు మారలేదు, కొలత మారింది. మీ యాంటీబాడీని బరువు తూచి సీసాలో నింపుతారు, ఇక్కడ కొలత తప్పితే పిల్లవాడికి వెళ్లే డోసే తప్పుతుంది. దిగుబడి పెరిగిందని ఎవరు చెప్పినా ఏ పద్ధతిలో కొలిచారో అడగండి, అది తెలియకుండా రెండు కంపెనీల సంఖ్యలు పోల్చడం దండగ.

గుంటూరు_అమ్మ

ఆ రెండో మందు సంగతి మాకు ఎవరూ చెప్పలేదమ్మా. రేపే డాక్టర్ గారికి ఫోన్ చేస్తాను. చాలా థ్యాంక్స్.

శ్రీను_బయోరియాక్టర్

అందరికీ ధన్యవాదాలు. మాధవి గారూ, ఆ జవాబు కోసమైనా ఈ థ్రెడ్ పెట్టినందుకు సంతోషంగా ఉంది. రెండు ప్రశ్నలు మిగిలాయి. ప్రతి బ్యాచ్‌కీ ప్లాస్మిడ్లు పోసే బదులు, ఆ జన్యువులు తమలోనే ఉండే స్టేబుల్ కణాలు ఎందుకు చేసుకోరు? ఇండియాలో ముందుగా ఏది నిలబడుతుంది, ఏఏవీనా, లెంటీనా (లెంటీవైరస్ వెక్టర్లు)?

రవళి_అప్‌స్ట్రీమ్

స్టేబుల్ కణాల కోసం చాలాకాలంగా ప్రయత్నిస్తున్నారు. రెప్ ప్రోటీన్లు, అడినో సహాయక ప్రోటీన్లు కణానికి విషం లాంటివి, ఎప్పుడూ తయారవుతూ ఉంటే కణం బతకదు. కాబట్టి మనం చెప్పినప్పుడు మాత్రమే మొదలయ్యేలా స్విచ్ పెట్టాలి, అది కొంచెం కూడా లీక్ అవ్వకూడదు. హీలా కణాలతో చేసిన లైన్లు ఉన్నాయి, హెచ్‌ఈకేతో చేసేవాళ్లూ ఉన్నారు. ఇంకో దారి బాక్యులోవైరస్, పురుగు కణాల్లో. 2002లో కోటిన్ వాళ్ల ల్యాబ్ చూపించిన పద్ధతి, హీమోఫీలియా బి మందు హెమ్‌జెనిక్స్ అలా వచ్చిందే. దానికి ట్రాన్స్‌ఫెక్షన్ గొడవే లేదు, వైరస్ తనే వెళ్లి కణాల్లో చేరుతుంది కాబట్టి పెద్ద ట్యాంకుకి వెళ్లడం తేలిక. క్యాప్సిడ్ (తొడుగు) ప్రోటీన్ల నిష్పత్తి సరిగ్గా రావడం, బాక్యులోవైరస్ తరాలు మారేకొద్దీ జన్యువు ఊడిపోకుండా చూడటం అక్కడి తలనొప్పులు.

ఇండియా సంగతి నా ఉద్దేశంలో ముందు లెంటీయే. కార్-టీలో వైరస్‌ని రోగికి నేరుగా ఎక్కించరు, బయటికి తీసిన కణాలకి ఇస్తారు, అందుకని కొంచెం చాలు, ఒక బ్యాచ్ చాలామందికి వస్తుంది. 2023 అక్టోబర్‌లో అనుమతి వచ్చిన నెక్స్‌కార్19 విదేశీ ధరలో పదో వంతు దగ్గరకి రాగలిగిందంటే వెక్టర్‌తో సహా అన్నీ ఇక్కడే చేసుకోవడం ఒక పెద్ద కారణం. సీఎంసీ వెల్లూరు వాళ్లు హీమోఫీలియా ఎకి కూడా లెంటీతోనే మూలకణాలని మార్చి ఐదుగురికి ఇచ్చారు, 2024 డిసెంబర్‌లో ఫలితాలు వచ్చాయి. పెద్ద మనిషికి 42 యూనిట్లు ఎక్కించే రోక్టావియన్ దారి మన దేశానికి ఎప్పటికి అందుతుంది చెప్పండి? వెల్లూరు వాళ్లది నాకు చాలా ఆశ కలిగించిన పని.

అయితే లెంటీ సుకుమారం. పైన పొర ఉన్న వైరస్, 120 నానోమీటర్ల దగ్గర సైజు, 0.2 మైక్రాన్ స్టెరైల్ ఫిల్టర్‌లోనే కొంత పోతుంది, 37 డిగ్రీల్లో గంటల్లో బలం తగ్గిపోతుంది, ఉప్పు ఎక్కువైనా పడదు, ఏఏవీలాగా తక్కువ పీహెచ్‌లో దింపితే చచ్చిపోతుంది.

భాస్కర్_కాలమ్స్

లెంటీ విషయంలో రవళి గారితో ఏకీభవిస్తాను. ఒక్కటే కలుపుతాను, కంటి జబ్బులకి ఏఏవీ కూడా ఇక్కడ ఇప్పుడే చేయొచ్చు, పై లెక్కలో 36,000 కళ్లు చూశారుగా. 50 లీటర్ల ట్యాంకుతో దేశానికి సరిపడా చేసుకోవచ్చు. దాని మీద ఇంకా ఎక్కువమంది గట్టిగా కూర్చోకపోవడం నాకు బాధగా ఉంటుంది.

శ్రీనూ, నువ్వు మారాలనుకుంటే డౌన్‌స్ట్రీమ్‌ని కూడా పక్కన పెట్టకు. అప్‌స్ట్రీమ్‌లో నువ్వు మార్చిన ప్రతిదీ నా కాలమ్ మీద కనిపిస్తుంది, ఆ రెండూ తెలిసినవాళ్లు చాలా తక్కువ.

రవళి_అప్‌స్ట్రీమ్

నేర్చుకోవడం గురించి అడిగారు కదా. మీ ట్యాంకు జ్ఞానం అంతా పనికొస్తుంది. కొత్తగా ఒకటే ముందు చేయండి. రెండు లీటర్ల రియాక్టర్ దొరికితే, జీఎఫ్‌పీ (పచ్చగా మెరిసే ప్రోటీన్) ప్లాస్మిడ్ అయినా సరే, పీఈఐతో కలిపాక కావాలనే 5, 10, 20, 30 నిమిషాలు ఆపి పోసి చూడండి. ప్రతిసారీ ముద్దల సైజు కొలవండి, 72 గంటలకి టైటర్ (ఎన్ని వెక్టర్లు వచ్చాయో), ఫుల్ శాతం రెండూ చూడండి, మధ్యలో కలియబెట్టే వేగం కూడా మార్చండి. 2000 లీటర్లలో మిశ్రమం ఎంతసేపు ఆగాల్సి వస్తుందో ముందే లెక్కేసుకుని ఆ సమయాన్ని చిన్న ట్యాంకులో పరీక్షించినవాడిని ఇంటర్వ్యూలో నేనైతే వదులుకోను.